తాతయ్య మూసేసిన చిల్లులు

మా ఊళ్ళో కార్లున్నవాళ్ళు కార్లలో తిరుగుతారు. మా తాతయ్య చంద్రరావు మాత్రం కారు చుట్టూ తిరుగుతాడు. పొద్దున్నే లేచి, పళ్ళయినా తోముకోకుండా షెడ్డు తలుపు తీసి, పాత దుప్పటి తొలగించి, మీగడ రంగు అంబాసిడర్ చుట్టూ ఓ ప్రదక్షిణం చేస్తే గానీ ఆయనకి తెల్లవారినట్టుండదు. గుళ్ళో ప్రదక్షిణానికి మోకాళ్ళ నొప్పులు అడ్డొస్తాయి. దీనికి రావు.

ప్రదక్షిణం అయ్యాక అభిషేకం. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. చుట్టూ చేపల చెరువులు వచ్చాక మరీ ఉప్పెక్కాయి. ఆ నీళ్ళతో ఇంట్లోవాళ్ళు స్నానం చేస్తే తప్పులేదు గానీ కారు చెయ్యకూడదు. అందుకని కాలువ నీళ్ళు బిందెలతో మోయించి, తొట్టిలో తేరనిచ్చి, పై తేట మాత్రం ముంచి కారు మీద పోసేవాడు. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదని మామ్మ ఆ తొట్టిలోంచి ఓ చెంబు ముంచుకుంటే, "అది కారుకే!" అని కేకేసేవాడు. మా ఇంట్లో పప్పు ఎప్పుడూ పలుకులు పలుకులుగానే ఉండేది. కారు మాత్రం తళతళలాడేది.

మనవలెంతమంది అని ఎవరైనా అడిగితే వేళ్ళు మడుస్తూ తడబడతాడు గానీ, కారు మీద గీత ఎప్పుడు పడింది, ఎవరి వల్ల పడింది అంటే నిద్రలో లేపినా చెప్తాడు. గీసినవాళ్ళు మనవలే అయితే వాళ్ళ పేరు కూడా అప్పుడే గుర్తొస్తుంది.

ఇంత హంగామా చేస్తాడా, నిజానికి ఆ కారు ఆయనది కాదు. మామ్మ రామతులసి వాళ్ళ నాన్న బుల్లబ్బాయి గారిది. ఆయన మలికిపురం దగ్గర కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. మగపిల్లలు లేరు. పెద్దకూతురు సత్యవేణి, చిన్నకూతురు మామ్మ. ఆయన కాయలు బేరం చెయ్యడానికి లంకలన్నీ తిరిగేటప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ వెనక సీటెక్కేవాళ్ళు. ఎడమ కిటికీ అక్కది, కుడి కిటికీ చెల్లెలిది. ఆ హద్దు దాటినందుకు జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయట.

బుల్లబ్బాయి గారు పోయాక కారు ఎవరికన్న మాట వచ్చినప్పుడు సత్యవేణి ఒక్క ముక్కలో తేల్చేసింది.

"నువ్వే తీసుకెళ్ళవే తులసీ. మీ ఆయనకి బళ్ళంటే మోజు, కంటికి రెప్పలా చూసుకుంటాడు. నన్ను అప్పుడప్పుడూ ఎక్కించుకుంటే చాలు."

కంటికి రెప్ప దాకానే తాతయ్యకి వినపడింది.

అలాగని మొదట్లో ఎక్కించుకోలేదని కాదు. మా ఊరు పాలకొల్లు పక్కనే. చించినాడ వంతెన దాటితే అటంతా కోనసీమ. సత్యవేణి ఉండే మలికిపురానికి గంట ప్రయాణం. పండక్కో పబ్బానికో వెళ్ళేవాళ్ళు, సత్యవేణి ఎడమ కిటికీ దగ్గర కూర్చుని చెల్లెల్ని వేపుకు తినేది. అలాంటి ఒక రోజున వాళ్ళ వాకిట్లో కారు తుడుస్తూ తాతయ్య తలుపు అడుగు అంచున రంగు చిన్న పొక్కులా లేచి ఉండటం చూశాడు. గోటితో గిల్లాడు. పొక్కు రాలింది, వెనక ఇనుము కూడా రాలింది. వేలు లోపలికి పోయింది.

ఆ వేలు బయటికి తీసుకుని సముద్రం వైపు చూశాడట, హత్య చేసినవాణ్ణి చూసినట్టు. "ఉప్పుగాలి," అన్నాడు. అంతే, అప్పట్నుంచి కారు వంతెన దాటలేదు.

సత్యవేణి ఊరుకునే మనిషి కాదు. ఫోన్ చేసి మరీ పొడిచేది.

"ఏం మరిదిగారూ, మా నాన్న కారుని ఖైదు చేశారంట?"

"అబ్బే, వానాకాలం వెళ్ళిపోనివ్వండి వదినగారూ."

"వెళ్ళిపోయి పుష్యమాసం వచ్చిందండి."

"ఇప్పుడు మంచు పడుతోంది కదండీ. పొద్దున్నే పైనంతా చెమ్మే."

"మరి ఎండాకాలం?"

"ఎండకి రబ్బర్లు పగుల్తాయండి."

"అయితే మీ కారుకి ఏ కాలం పడుద్దండీ బాబూ? ఇంకో కాలం ఏదన్నా ఉంటే కబురు చెయ్యండి, చీర మడతపెట్టుకుని కూర్చుంటాను."

ఫోన్ పెట్టేసి తాతయ్య నవ్వేవాడు. మామ్మ నవ్వేది కాదు.

తర్వాత సత్యవేణికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. నోరు వంకరపోయింది. అంత మాటకారి, మాట ముద్దయిపోయి మంచం మీద మిగిలింది. బుర్ర మాత్రం పాదరసమే. చూడ్డానికి వెళ్ళిన చెల్లెలి చెయ్యి ఎడం చేత్తో పట్టుకుని, ఎంతో కష్టపడి ఒక్క మాట కూడదీసుకుంది.

"కా... రు."

మామ్మ ఇంటికొచ్చి చెంగు కూడా సర్దుకోకుండా తాతయ్య ముందు నిలబడింది.

"అక్కని ఓసారి కారెక్కించాలండి. దిండి దాకా గోదారి గట్టు మీద తిప్పి తీసుకొచ్చేద్దాం. ఇంకేం అడగను మిమ్మల్ని."

మామ్మ అంతకు ముందు కూడా ఏమీ అడిగిన మనిషి కాదు. తాతయ్యకి ఆ సంగతి తెలుసు. నిజంగానే కదిలాడు. "తప్పకుండా తీసుకెళ్దామే. ముందు లోపలి తుప్పు సంగతి ఓ కొలిక్కి తేనీ. దారి మధ్యలో ఏదన్నా అయితే ఆవిణ్ణి మొయ్యగలమా?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. తాతయ్య వాయిదాలన్నీ సబబుగానే ఉంటాయి, అదే వాటితో చిక్కు.

పాలకొల్లు బైపాస్ మీద విజయ్ పాల్ అని ఒకతని షెడ్డు ఉంది. పాత బళ్ళ బాడీ పనిలో పేరున్నవాడు. తాతయ్య కారు తీసుకెళ్తే, వెల్లకిలా పడుకుని కిందికి దూరి, టార్చి వేసి చూసి బయటికొచ్చాడు.

"పైన అద్దంలా ఉందండి. దాన్ని చూసి మురిసిపోకండి. కారు పైనుంచి పోదండి, లోపల్నుంచి పోద్ది." తలుపుల కింద పొడుగునా ఉన్న భాగం మీద వేలితో కొట్టాడు. డోలులా మోగింది. "ఇదంతా బోలండి, వెదురుబొంగులాగ. తలుపు లోపల బోలే, డిక్కీ అంచులు బోలే. కారు బరువంతా మోసేది ఈ బోలు పెట్టెలే. మీరు రోజూ తుడిచేది తోలు. ఎముకలు లోపలున్నాయి. అక్కడికి రంగూ చేరదు, మీ గుడ్డా చేరదు."

తాతయ్య మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళుగా తను చూడని చోటొకటి కారులో ఉందంటే ఆయనకి అవమానంగా ఉంది. "మరిప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"పల్చటి మైనం మందుంటదండి. సన్న పైపు లోపలికి పెట్టి పొగమంచులా కొడతాను, సందుసందుకీ పాకుద్ది. కాకపోతే ముందు లోపల పూర్తిగా ఆరాలి, కొన్నాళ్ళు బండి నా దగ్గర వదలండి. మందు కొట్టాక కింద చిల్లుల్లో తీగతో పొడిచి శుభ్రంగా తెరిచి ఇచ్చేస్తాను."

"చిల్లులా? నా కారుకి చిల్లులెక్కడివయ్యా?"

"చేసినప్పుడే పెట్టారండి. లోపల పడ్డ నీళ్ళు కారిపోడానికి."

"నా కారు వానలో తిరగదు. నీళ్ళెందుకు పడతాయి?"

"పడతాయండి, అద్దాల పక్కనుంచి దిగుతాయి. రబ్బర్లు పాతబడ్డాయి కదా."

"సరే, వరదొస్తే? ఆ చిల్లుల్లోంచే కదా నీళ్ళు పైకి తన్నేది?"

విజయ్ పాల్ నవ్వాడు. "వరదొస్తే కారు గట్టెక్కించుకోవాలండి గానీ, చిల్లులు మూసుకుని కూర్చుంటారేంటండీ!" పక్కన పని చేసుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు.

మా తాతయ్యతో వాదించొచ్చు. తిట్టినా పడతాడు. నవ్వకూడదు. కారు వెనక్కి తిప్పుకుని తిన్నగా ఇంటికొచ్చేశాడు.

నవ్వినవాడికి తెలియని సంగతొకటి తనకి తెలుసని తాతయ్య నమ్మకం. మా చేలు కాలువ చివర, పల్లంలో ఉన్నాయి. మామూలు రోజుల్లో చేలో నీరు తూము గుండా మురుగు కాలువలోకి పోతుంది. తుపాను పట్టిందా, సముద్రం పోటెక్కి, మురుగు కాలువ నిండి, ఆ నీరే తూములోంచి వెనక్కి తన్ని చేలోకి వస్తుంది. కోతకొచ్చిన వరి అలా కళ్ళముందే మునిగిపోవడం ఎన్నిసార్లు చూశాడో. హోరుగాలిలో, నడుం లోతు నీళ్ళలో నిలబడి, తూముకి పలక అడ్డం వేసి మట్టిబస్తాలు తొక్కిన మనిషి. అడుగున చిల్లుందంటే శత్రువుకి దారి ఉన్నట్టే అని ఆయన ఒంట్లో ఇంకిపోయింది. పాలకొల్లు బైపాస్ మీద కూర్చున్నవాడికి పల్లపు చేను బాధ ఏం తెలుసు?

ఆ రోజే చిట్టియ్యకి కబురెళ్ళింది.

చిట్టియ్య ఒకప్పుడు నర్సాపురం రేవులో పడవల పని చేసినవాడు. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం కాచి పూస్తే చుక్క నీరు కూడా దూరేది కాదు. వంతెనలొచ్చాయి, ఫైబర్ పడవలొచ్చాయి, చిట్టియ్య అరుగెక్కాడు. ఎవరూ పిలవని ముసలాణ్ణి తాతయ్య పిలిచాడు. పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఎన్నాళ్ళయిందండి బాబూ గుగ్గిలం వాసన చూసి! పడవైతే ఏంటండి, కారైతే ఏంటండి. నీళ్ళకి అవేం తెలుసండి?"

పెరట్లో రాళ్ళ పొయ్యి మీద తేనెమైనం, గుగ్గిలం, వేపనూనె కలిపి కాచారు. కాష్ఠంలాంటి పొగ. వీధిలోవాళ్ళు ఎవరు పోయారోనని వచ్చి చూసి, కారుకని తెలిసి, మూతులు బిగబట్టుకుని వెళ్ళిపోయారు. విజయ్ పాల్ చెప్పినట్టు లోపల ఆరనివ్వడం మాట దేవుడెరుగు, ఆ పొద్దున అభిషేకం కూడా మానలేదు తాతయ్య. మంచి పని మొదలెట్టేముందు స్నానం చేయించాలిగా మరి.

కాగిన ముద్దని గరాటు పెట్టి ఆ బోలు పెట్టెల పై కంతల్లోంచి పోశారు. అది వేడి మీద ఉన్నంతసేపూ జారింది, చల్లటి ఇనుము తగలగానే పోసిన చోటే గడ్డకట్టింది. పాకాల్సిన మూలలకి పాకలేదు. కానీ లోపలికి చూసిందెవరు? ఆపైన చిట్టియ్య కింద దూరి, ఒక్కో చిల్లుకీ దూది పేని, గుగ్గిలంలో ముంచి, చెక్క మేకుతో దట్టించడం మొదలెట్టాడు.

మామ్మ పెరటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమండీ, ఓ మాట అడగనా? తుపానప్పుడు తూముకి పలకేసేవారు."

"వేసేవాణ్ణి."

"తుపాను వెలిశాక పలక తీసేసేవారు కదండీ. లేకపోతే మన చేలో నీరు మనకే నిలబడి వరి కుళ్ళిపోద్దని. దీనికేంటి మరి, పలకేసి మేకు కొట్టేస్తున్నారు? తీసేదెప్పుడు?"

తాతయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆగాడని చిట్టియ్య తర్వాత చాలామందికి చెప్పాడు. కానీ కింద చిట్టియ్య వింటున్నాడు, గోడ మీంచి పక్కింటివాళ్ళు వింటున్నారు. పెళ్ళాం చేత పాఠం చెప్పించుకునే చోటు కాదది.

"చేను వేరు, కారు వేరు. నువ్వెళ్ళి పప్పు చూసుకో."

"ఆ పప్పు ఎలాగూ ఉడకదులెండి," అని మామ్మ లోపలికి వెళ్ళిపోయింది.

కిందనుంచి చిట్టియ్య గొంతు వచ్చింది. "చుక్క దూరదండి. కారెత్తి గోదాట్లో వదిలినా తేలుద్దండి, ఆయ్!"

"తేలుద్ది సరే చిట్టియ్యా, నడుస్తదా?" అంది మామ్మ లోపల్నుంచి.

ఇంత పని అయ్యాక ఇంక మలికిపురం వెళ్ళొచ్చు కదా అని ఎవరైనా అనుకుంటారు. తాతయ్యని ఎరిగినవాళ్ళు అనుకోరు. ముందు మైనం బిగియాలన్నాడు. బిగిశాక వానలొచ్చాయి. వానలు వెలిశాక, "ఇంత కష్టపడి లోపలంతా కాపాడుకుని, తీసుకెళ్ళి ఉప్పుగాలికి పెడతామా?" అన్నాడు. ఎంత కాపాడితే అంత కాపాడాల్సింది మిగిలిపోయేది. ఏడాది తిరిగింది. రెండో ఏడూ తిరిగింది. షెడ్డులో కారు దుప్పటి కప్పుకుని పడుకుంది, అక్కడ సత్యవేణి దుప్పటి కప్పుకుని పడుకుంది. వాళ్ళ కోడలు వీడియో కాల్ చేసి ఫోన్ ఆవిడ మొహం ముందు పెట్టేది. ఆవిడ మరిది మొహం కనపడితే చాలు, ఎడం కనుబొమ్మ ఎగరేసేది. ఏమైంది అని. తాతయ్య వెంటనే ఫోన్ మామ్మకి ఇచ్చేసేవాడు.

అభిషేకం మాత్రం ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

కారుని షెడ్డులో ముందుకీ వెనక్కీ జరిపేటప్పుడు ఒక చప్పుడు రావడం మొదలైంది. గుళుక్ గుళుక్ అని, నిండుబిందె నడుం మీద కదిలినట్టు. మా నాన్న గణేష్‌బాబు చేపల మేత వ్యాపారం చేస్తాడు. ఓ రోజు చెవి పెట్టి విన్నాడు.

"నాన్నా, ఇందులో శీలావతి చేపపిల్లలు వదుల్దామా? మేత నేను పోస్తాను. పట్టుబడి చెరో సగం."

"అది పెట్రోలు ట్యాంకురా, వెధవా."

"పెట్రోలు ట్యాంకు వెనకుంటది. చప్పుడు తలుపుల కింద వస్తంది."

"ఇనుప డొక్కులో చప్పుడు ఎక్కడో పుట్టి ఎక్కడో వినపడుద్ది. నీకు తెలిసిన విద్య చేపలకి తిండి పెట్టడం. అది చూసుకో."

మా నాన్న నవ్వుకుంటూ పోయాడు. ఇంట్లో ఎవరూ తాతయ్యతో రెండోసారి చెప్పరు. చెప్తే వినడని కాదు, చెప్పినవాణ్ణి పాతికమందిలో పురుగుని చేస్తాడని. తాతయ్య కూడా ఆ చప్పుడు వినపడకుండా కారు జరపడమే తగ్గించేశాడు.

మొన్న మాఘమాసంలో సత్యవేణి కోడలు ఫోన్ చేసింది. అత్తయ్య ముద్ద సరిగ్గా మింగట్లేదండి, చూడాలంటే వచ్చి చూసి వెళ్ళండి అంది. మామ్మ ఫోన్ పెట్టేసి వచ్చింది. ఈసారి అడగలేదు.

"రేపు పొద్దున్న నేను అక్క దగ్గరికి వెళ్తున్నానండి. కారులో వెళ్తున్నానా, బస్సులో వెళ్తున్నానా, అది మీరు చెప్పండి."

తాతయ్య నేల చూపులు చూస్తూ "కారులోనే," అన్నాడు.

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. సాయంత్రమంతా సీటు కవర్లు దులిపాడు. సత్యవేణికి ఆనుకోడానికని తన పరుపు మీది దిండు తెచ్చి ఎడమ కిటికీ పక్కన పెట్టాడు. ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు ఎవరు ఎటు పట్టుకోవాలో మా నాన్నకి చేతులతో చూపించాడు. ఉప్పుగాలి మాట ఎత్తలేదు. ఆ రోజు ఆయన్ని చూస్తే ముచ్చటేసింది, అబద్ధమాడకూడదు.

తెల్లారింది. మామ్మ గంధం రంగు పట్టుచీర కట్టుకుని, అక్కకి ఇష్టమని మాగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని, వెనక సీట్లో కుడి కిటికీ దగ్గర కూర్చుంది. ఎడమ కిటికీ ఖాళీగా వదిలేసింది. ఇంజను కాసేపు దగ్గి, దగ్గి, అందుకుంది. కారు షెడ్డులోంచి వాకిట్లోకి వచ్చేసరికి వెనక కుడి టైరు కూలబడి ఉంది. నిలబడి నిలబడి గాలి దిగిపోయింది.

"దిగమంటారా?" అంది మామ్మ.

"కూర్చో కూర్చో. చిటికెలో పని."

తాతయ్య డిక్కీలోంచి జాకీ తీసి, కారు పక్కన కింద ఆనించి, తిప్పడం మొదలెట్టాడు. జాకీ పైకి లేస్తోంది. కారు లేవడం లేదు. ఇంకా తిప్పాడు. అప్పడం విరిగినట్టు కరకరమంది. జాకీ తల ఇనుములోకి దిగిపోయింది.

"ఏమండీ," అంది మామ్మ లోపల్నుంచి, "నా కాళ్ళ దగ్గర ఏదో లేస్తోందండీ."

ఆ మాట పూర్తయ్యేలోగా పక్క పెట్టె పొడుగునా చీలింది. లోపల్నుంచి నీళ్ళు బుడబుడా దూకాయి. ఎర్రటి, చిక్కటి నీళ్ళు, కుళ్ళిన ఆకు కంపు. వాటి వెనక తుప్పు పెళ్ళలు, బురద, ముద్దలు ముద్దలుగా మైనం. తాతయ్య పాదాలు మునిగాయి. కారు ఓ పక్కకి నడుం విరిగినట్టు కుంగింది. మామ్మ తలుపు తోస్తే రాలేదు, బిగుసుకుపోయింది. మా నాన్న అటుపక్కకి పరుగెత్తి, ముందు తలుపు తీసి, సీటు మీదుగా మామ్మని లాగి దింపాడు. జాడీ పగల్లేదు. చీర చిరిగింది.

వానలో తడవని కారులో ఇన్ని నీళ్ళెక్కడివని చూస్తున్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. తాతయ్య ఒక్కడే అడగలేదు. పొద్దున్న పొద్దున్నా పోసిన తేట నీళ్ళు ఆ పాత రబ్బర్ల పక్కనుంచి దిగి, కింద దారి లేక నిలబడి, నిలబడి, ఎముకల్ని తినేశాయి. పోసిన చెయ్యి ఆయనదే. దారి మూయించిందీ ఆయనే.

ఆయన మామ్మ వైపు తిరిగాడు. తిట్టుకోసం నిలబడ్డాడు. పలక తీసేదెప్పుడని నేనడగలేదా అంటుందనుకున్నాడు. అంటే బావుండునని కూడా అనుకుని ఉంటాడు. అప్పుడు తనూ ఏదో ఒకటి అరిచేవాడు, గొడవ మామూలు గొడవైపోయేది.

మామ్మ చిరిగిన కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, "గణేషూ, ఆటో పిలవరా," అంది.

ఆటో వచ్చింది. తాతయ్య తడి కాళ్ళతోనే దగ్గరికి వెళ్ళాడు. "నేనూ వస్తానే తులసీ."

"మీరెందుకండీ," అంది. గొంతులో కోపం లేదు, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా ఉంది. "వచ్చి అక్కకి మొహం ఎలా చూపిస్తారు?"

ఆటో వెళ్ళిపోయింది.

ఎండెక్కే వేళకి ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. చిట్టియ్య కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వంగి, తుప్పు పెళ్ళల్లో చెయ్యి పెట్టి వెతికి, ఒక ముక్క పైకి తీశాడు. చుట్టూ ఇనుము అట్టలా పొరలు లేచిపోయింది. మధ్యలో గుగ్గిలం బిరడా మాత్రం నల్లగా, గట్టిగా, చెక్కు చెదరకుండా ఉంది. ముసలాడి కళ్ళు మెరిశాయి.

"చూశారా బాబుగారూ! ఇనుము పోయింది గానీ నా బిరడా ఊడలేదండి!"

తాతయ్య ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. నిజమే, కదల్లేదు.

"బాగా చేశావు చిట్టియ్యా," అన్నాడు.

అది వెటకారమో మెప్పో చిట్టియ్యకి అర్థం కాలేదు. మెప్పే అనుకుని, సంతోషంగా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు తాతయ్య. బస్సెక్కుదామని ఓసారి చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్ళాడు. వెళ్ళి ఏం చెప్పాలో తోచక మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకి ఆటో చప్పుడైంది. మామ్మ దిగింది. చేతిలో జాడీ లేదు. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉంది మీ అక్క?"

"ఉందండి."

"మాగాయ తిందా?"

"నాలిక్కి రాశాను."

ఇంకొకటి అడగాలి. అడగలేక కాసేపు గేటు గడియ సవరించాడు. చివరికి అడిగాడు. "కారు మాట అడిగిందా?"

"అడక్కుండా ఉంటుందా అండీ? నన్ను చూడగానే అదే అడిగింది. తెచ్చామని చెప్పాను." మామ్మ ఆయన వైపు చూడకుండా చెప్తోంది. "మంచం దగ్గర్నుంచి వీధి కనపడదు కదా. గేటు బయట పెట్టారు, నీకు ఒంట్లో కాస్త కుదుటపడగానే ఎక్కిస్తారు అన్నాను."

"నమ్మిందా?"

"ఎడం చెయ్యి లేపి, గాల్లో ఇలా నొక్కి చూపించింది. హారన్ కొట్టమని."

తాతయ్య వాకిట్లో కుంగిన కారు వైపు చూశాడు.

"బయటికొచ్చి ఆటో అబ్బాయితో కొట్టించానండి. ఇంకేం చెయ్యను?" అంది మామ్మ. "నేను తిరిగి లోపలికెళ్ళేసరికి మొహం గోడవైపు తిప్పేసుకుంది. నేను బయల్దేరేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు."

చెప్పి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.